అడుగు పొడుం

ఇత్తడి తోమడంలో హుకుంపేట మొత్తం మీద నాకు సాటి లేదని చాలా ఏళ్లు గర్వపడ్డాను. నానబెట్టిన చింతపండు, జల్లించిన కచ్చిక బూడిద, కొబ్బరి పీచు, చివర్న ఒక నిమ్మచెక్క. ఈ నాలుగూ ఉంటే ఎంత పాత మసైనా నా చేతిలో అరగంట నిలవదు. పెళ్లిచూపుల్లో పాట పాడమంటే నోరు పెగల్లేదు గానీ, ఒక చెంబిచ్చి తోమమని ఉంటే ఆ మొదటి సంబంధమే ఖాయమైపోయేది. ఆ గర్వమే ఒకరోజు ఒక ఇంటికి చేటు తెచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచేద్దామనుకున్నాను. దాచుకోబోయే కదా తప్పును రెండింతలు చేశాను, అందుకని రాస్తున్నాను.

మాది గిన్నెల కొట్టు. మా తాత విజయనగరం వైపు నుంచి కావడి మోసుకుంటూ కొండెక్కాడు. ఆయన తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను. కొండ మీది ఊళ్లవాళ్లు సంతకు వచ్చి పాత ఇత్తడి, కంచు ఇచ్చి స్టీలు బిందెలూ కుక్కర్లూ పట్టుకెళ్తారు. ఆ పాతవన్నీ గోనెసంచిలోకి వెళ్తాయి. సంచులు నిండగానే లారీ ఎక్కి కిందికి పోతాయి, అక్కడ కరిగిపోతాయి. చిన్నప్పుడు సెలవుల్లో ఆ సంచి కెలకడమే నాకు ఆట. ఒకసారి చేతికి నెమలి తగిలింది. బొటనవేలంత ఇత్తడి నెమలి. మెడ తిప్పితే ఊడి వచ్చింది, లోపలంతా బోలు. అది పొడుంకాయ అని నాన్న చెప్పాడు. ముక్కుపొడుం పోసుకునే డబ్బీ అన్నమాట. పూర్వం ఎండిన కాయల బుర్రల్లో పోసుకునేవాళ్లట, అందుకని ఇత్తడిదైనా వెండిదైనా దాని పేరు కాయే.

ఆ నెమలితో పిచ్చి పట్టుకుంది. నా ఈడు ఆడవాళ్లంతా పట్టుచీరలూ గొలుసులూ కూడబెట్టుకుంటుంటే నేను పొడుంకాయలు కూడబెట్టాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చేప ఆకారంలోవి, తాబేలు ఆకారంలోవి, గొలుసుకి చిన్న గరిటె వేలాడేవి, మైనం అచ్చుతో పోత పోసినవి, ఏనుగు వీపు మీద మూత ఉన్నది ఒకటి. వాటితోపాటు సున్నపు డబ్బీలు, చుట్టలు దాచుకునే వెదురు గొట్టాలు, చెకుముకిరాయి పెట్టుకునే తోలుసంచులు. కొట్టులో గల్లా వెనక అద్దాల బీరువా చేయించి వరసగా పేర్చాను. మా ఆయన దాన్ని నీ తుమ్ముల మ్యూజియం అంటాడు. అననీ. అరకు చూడ్డానికి వచ్చిన టూరిస్టులు ఈ పక్కకి వస్తే ఆగి ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. ఇంత పాతవి ఇంత మెరుపుగా ఎలా ఉన్నాయని అడిగితే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

బీరువాలో పెట్టని కాయ ఒక్కటుంది. అది నాన్నది. మారేడు బుర్రకి వెండి అంచు కట్టించుకున్నాడు. ఆయన పోయి ఐదేళ్లయింది. నేను తోమకుండా, తుడవకుండా వదిలేసిన ఒకే ఒక్క వస్తువు అది. ఆయన చేతిగుడ్డలోనే చుట్టి ఇంట్లో నా చీరల అడుగున పెట్టుకున్నాను. మనసు బాగోనప్పుడు తీసి మూత తిప్పి వాసన చూసేదాన్ని. అడుగున ఎండిపోయిన పొడుం గోరంత గట్టిగా అంటుకుని ఉండేది. పొగాకు ఘాటు ఎప్పుడో పోయింది. మిగిలింది కాస్త తియ్యగా, కాస్త మాడినట్టు, పొయ్యి దగ్గర ఆరేసిన బట్టలాంటి వాసన. అదే నాన్న వాసన అనుకునేదాన్ని. ఏడాదికేడాది అది తగ్గిపోతోందని భయపడి, తరచూ మూత తియ్యడం కూడా మానేశాను.

నాన్నకు కొండ మీద ఒక నేస్తం ఉండేవాడు. ఇక్కడ నేస్తం అంటే ఉత్త స్నేహితుడు కాదు. నలుగురి ముందు మాట ఇచ్చిపుచ్చుకుని కట్టుకునే వరస అది. కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఒకరింటి పెళ్లికీ చావుకీ ఇంకొకరు తప్పకుండా ఉంటారు. ప్రతి సంతకీ ఆయన పసుపు బుట్ట దించి మా అరుగు మీద కూర్చునేవాడు. నాన్న లేచి వచ్చి పక్కన కూర్చునేవాడు. మాటలకంటే ముందు కాయలు బయటికి వచ్చేవి. ఒకరు మూత తీసి రెండోవారి ముందు పట్టాలి. రెండోవారు అందులోంచి చిటికెడు తీసుకుని, తన కాయలోది చిటికెడు అందులో వెయ్యాలి. తర్వాత అటుది ఇటు. అదయ్యాక గానీ ఇద్దరూ పీల్చేవారు కాదు. ఇద్దరి దగ్గరా పొడుం ఉండగా ఈ మార్పిడి దేనికి నాన్నా అని నేను వెక్కిరించేదాన్ని. తియ్యడం ఎవడైనా తీస్తాడమ్మా, పెట్టాలి అనేవాడు. నాన్నది మైదానం నుంచి వచ్చే నెయ్యి పొడుం. నేస్తంది ఇంట్లో దంచుకున్నది. అందులో ఏం కలిపేవాడో నాకు తెలియదు. ఆయన బుట్ట దించగానే నూనె కంపని ముక్కు మూసుకుని లోపలికి పోయేదాన్ని. దగ్గర కూర్చుని ఆ కాయ ఎలా ఉంటుందో చూసిన పాపాన పోలేదు.

మొన్న చలి తగ్గే రోజుల్లో నేస్తం కూడా పోయాడు. మా ఆయనకి జ్వరంగా ఉండి, కబురు అందినా నేను వెళ్లలేకపోయాను. వెళ్లలేకపోయాను అని రాశాను గానీ, ఆటో మాట్లాడుకుని ఉంటే వెళ్లగలిగేదాన్నే.

వానలు తెరిపిచ్చిన ఒక సంత రోజు ఆ ఇంటి కోడలు కొట్టుకి వచ్చింది. ఆ పిల్లని నేను అంతకుముందు చూడలేదు, ఫలానా ఇల్లని ఆమె కూడా చెప్పుకోలేదు. మసి పట్టిన చెంబు, చిల్లు పడ్డ పళ్లెం, వాటితో ఒక నల్లటి ముద్ద తెచ్చింది. మూత బిగుసుకుపోయిన పొడుంకాయ అని చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. ఇంట్లో ఇప్పుడు ఎవరూ వాడరని చెప్పి, మూడూ ఇచ్చి స్టీలు బిందె పట్టుకెళ్లింది. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లాక పెరట్లో కూర్చుని కిరసనాయిలు రాసి మూత విప్పాను. లోపల సగం దాకా నల్లటి మడ్డి, కిరసనాయిలు కంపు తప్ప ఇంకో వాసన తెలియలేదు. పుల్లతో గీకి, వేడినీళ్లు పోసి కడిగి కాలవలోకి వంపేశాను. తర్వాత చింతపండు పట్టించాను. మసి కింద నుంచి పొలుసు పొలుసుగా చేప బయటికొచ్చింది. కంటి దగ్గర ఎర్రరాయి కూడా ఉంది. అంత అందమైన పనితనం నా నలభై కాయల్లో ఒక్కదానికీ లేదు. ఆ సాయంత్రం దాన్ని బీరువా మధ్య అరలో పెట్టి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను.

మళ్లీ సంత నాటికి నేస్తం భార్య వచ్చింది. నాకు ఆమె పిన్ని వరస. డెబ్బై దాటి ఉంటుంది. మూడు నాలుగు మైళ్లు నడిచి, ఆటో పట్టుకుని వచ్చినట్టుంది, పాదాలకు ఎర్రమట్టి. కూర్చోమన్నా కూర్చోలేదు. తను కూతురి ఇంటికి పెదబయలు వెళ్లినప్పుడు కోడలు తెలియక కాయ ఇచ్చేసిందని, బిందె తిరిగి తెచ్చానని, కాయ ఇచ్చెయ్యమని అడిగింది. చంకలో ఆ స్టీలు బిందె ఉంది. అప్పటికి గానీ అది నేస్తం కాయ అని నాకు తెలియలేదు. ముప్పై ఏళ్లు మా అరుగు మీద తెరుచుకున్న కాయ. పొడుంకాయలంటే ఈ ఏజెన్సీలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చెప్పుకునే మనిషిని నేను.

అయినా లోపల ఇంకో మూల సంతోషంగానే ఉంది. బిందె కూడా ఉంచుకో పిన్నీ, చూడు ఎంత బాగా వచ్చిందో అని చేపని తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మెరుపు వైపు చూడనే లేదు. మూత తిప్పింది. వేలు పెట్టి లోపల తడిమింది. వేలు బయటికి తీసి చూసుకుంది. అది శుభ్రంగా ఉంది.

“ఏటి సేసినావే గుంటా,” అంది. “నోపలుండేది ఏటి సేసినావు?”

కడిగేశానని చెప్పాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. అరుగు అంచున కూలబడింది. విషయం తనే చెప్పుకొచ్చింది. వాళ్ల ఇంట్లో కాయ ఎప్పుడూ అడుగంటా ఖాళీ చెయ్యరట. పాత పొడుం కొంచెం ఉండగానే దాని మీద కొత్తది పోస్తారు, పాలల్లో తోడు వేసినట్టు. మామగారి నుంచి అలా వచ్చింది. ఇంట్లో మనిషి పోయాక వచ్చే మొదటి కొత్త పండగకి, సామలు వండి పెద్దలకి పెట్టేటప్పుడు, ఆ మనిషి కాయలోంచి చిటికెడు పొడుం ఇంటి నడిమి గుంజ దగ్గర వెయ్యాలి. అప్పుడే ఆ మనిషి పెద్దల్లో కలుస్తాడు. అది పెట్టకుండా ఇంట్లో ఎవరూ కొత్త గింజ ముట్టరు. కొండ మీద అందరిదీ ఇదే పద్ధతో, వాళ్ల ఇంటిదేనో నాకు తెలియదు. ఆమెకు మాత్రం అది వాదించాల్సిన విషయం కాదు.

“ఆడింకా గుమ్మం బయటే ఉన్నాడు,” అంది. “పండగకింక తొమ్మిది రోజులున్నాది.”

వేరే పొడుం నూరి పోసుకుంటే సరిపోదా అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆమె నా మొహం వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు కాస్త కదిలింది.

“మీ బాబు కాయిలో ఉంటాది గదా. సంతసంతకీ మావోడు ఏసేవోడు. ఒక్క సిటికెడు ఇయ్యి, నాకింకేటీ వద్దు.”

ఎంత చిన్న కోరిక. బుర్రలో లెక్క మాత్రం క్షణంలో అయిపోయింది. అడుగున ఉన్నదే గోరంత. అందులోంచి చిటికెడు పోతే ఇంకేముంటుంది? నాన్న కాయ ఆయనతోపాటే కాటికి పంపేశాం పిన్నీ అన్నాను. నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో ఆ అబద్ధం. ఆమె నమ్మింది. మంచిపని సేసినారు అంది కూడా. చేపని కొంగున ముడేసుకుని, బిందె అరుగు మీదే వదిలేసి బస్టాండు వైపు నడిచింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కొట్టు మామూలుగానే నడిచింది. నాకే ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. మా ఆయన మీద కసురుకున్నాను, ఆయన నా ఒళ్లు బాగోలేదనుకున్నాడు. ఒక ఉదయం బీరువా తుడుస్తూ ఒక్కొక్క కాయా మూత తీసి చూశాను. నెమలి ఖాళీ. తాబేలు ఖాళీ. ఏనుగు ఖాళీ. అన్నిటి లోపలా అద్దంలా తళతళ. ఇన్నింటిలో ఎన్ని ఇళ్ల మడ్డిని నా చేతులతో కాలవలో కలిపానో లెక్క కట్టబోయి మానేశాను. అన్ని ఇళ్లకీ ఇదే ఆనవాయితీ ఉండకపోవచ్చు. ఎవరికుందో ఎవరికి లేదో అడిగితే కదా తెలిసేది. నేను ఒక్కరినీ అడగలేదు. ఎంత బరువుందో మాత్రం చూసుకున్నాను.

ఇంటికి వెళ్లి చీరల అడుగు నుంచి గుడ్డ మూట తీశాను. అది ఒళ్లో పెట్టుకుని నాన్నను తిట్టాను. నువ్వు పోతూ పోతూ నాకు ఇంత గోరంత వదిలి, దానికి కూడా ఇంకొకరిని వాటాదారుని చేశావా అని గట్టిగానే అన్నాను. ఏడుపూ వచ్చింది. కానీ నాకు ఐదేళ్లు వాసన చూసుకునే భాగ్యం దొరికింది, ఆమెకి ఒక్క ఏడాది కూడా దక్కనివ్వలేదు నేను. అది ఎంత తిప్పి చూసినా తప్పుగానే కనిపించింది.

పండగ నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాను. సిమెంటు రోడ్డు అయిపోయిన చోట దిగి నడిచాను. చెప్పుల్లోకి బురద వచ్చింది. వాలు మీద సామ చేలు కోసేసి ఉన్నాయి, కాఫీ మొక్కల మధ్య మిరియాల తీగలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఆమె ఎదురుపడితే ఏమని మొదలుపెట్టాలా అని దారంతా మాటలు పేర్చుకున్నాను. కాయ దొరికింది పిన్నీ అని ఇంకో అబద్ధం కూడా తయారుగా పెట్టుకున్నాను. అది చెప్పే అవసరం రాలేదు.

గుమ్మం దాటి తల వంచి లోపలికి అడుగు పెట్టగానే నాన్న వాసన వచ్చింది.

అక్కడే ఆగిపోయాను. కాస్త తియ్యగా, కాస్త మాడినట్టు. గుడ్డ మూట నా సంచి అడుగున ఉంది, మూత బిగించే ఉంది. వాసన పొయ్యి దగ్గర నుంచి వస్తోంది. పిన్ని పెనం మీద పొగాకు వేయించి, రాతి మీద నూరి, సీసాలోంచి చిక్కటి పచ్చటి నూనె చుక్కలు చుక్కలుగా వేస్తోంది. పక్కన నేను తోమిన చేప కాయ మూత తెరుచుకుని ఉంది. అదేం నూనె అని అడిగాను. ఇప్ప నూని, మావోడు ఇదే ఏసేవోడు, అడుగు నేకపోయినా కొత్తదైనా పోద్దామని సేత్తన్నాను అంది. అంతకంటే ఆమె చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఐదేళ్లు నేను నాన్నదనుకుని చీరల కింద దాచుకున్న వాసన ఆమె మొగుడిది. నెయ్యి పొడుం వాసన ఎప్పుడో ఎగిరిపోయింది. నిలిచింది నేస్తం వేసిన చిటికెలే, నేను ముక్కు మూసుకుని పారిపోయిన ఆ నూనె కంపే. నవ్వొచ్చింది, అంతలోనే ఏడుపొచ్చింది. సంచిలోంచి మారేడు కాయ తీసి ఆమె ముందు పెట్టి, అబద్ధం చెప్పాను పిన్నీ అన్నాను. ఇంకేమీ కలపలేదు.

ఆమె కాయ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నన్ను తిట్టి పొమ్మన్నా కాదనే హక్కు నాకు లేదు. కళ్లు తెరిచాక ఆమె అడిగింది ఒకటే, భోజనం చేసి వెళ్తావు కదా అని. తర్వాత గోటితో అడుగు గీకి, చిటికెడు రాలగానే ఆపి, ఆకు మీద పెట్టుకుంది. అంత జాగ్రత్తగా గీకినా కాయలో ఇంక అద్దినంతే మిగిలింది. కొత్తగా నూరిన పొడుం చేప కాయలో పోసి, ఆకు మీది పాత పొడిలో కొంచెం దాని మీద రాల్చి, చేపని నా ముందు పట్టింది.

“తియ్యి. తీసి మీ బాబు కాయిలో ఎయ్యి.”

వద్దు పిన్నీ, దీన్ని ఇలాగే ఉండనీ అన్నాను. కొత్తది కలిస్తే ఆ మిగిలిన కాస్తా గుర్తుపట్టలేకుండా పోతుందని నా బాధ. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. తీసినకాడ పెట్టకపోతే అది దొంగతనమవుద్ది అంది, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. నేను చిటికెడు తీసి మారేడు కాయలో వేశాను. నాన్న పోయాక అందులో పొడుం పడడం అదే మొదటిసారి.

కొత్త సామల అన్నం ఆకుల్లో వడ్డించి నడిమి గుంజ దగ్గర పెట్టారు. పిన్ని కూర్చుని, ఆకు మీద మిగిలిన పాత పొడిని వేళ్లతో రెండు చేసింది. అంత చిన్నదాన్ని ఎందుకు విడదీస్తోందో నాకు అర్థం కాలేదు. ఒకటి గుంజ మొదట్లో వేసి, లోనకి రా అని మొగుడిని పిలిచింది. రెండోది దాని పక్కనే వేసింది. అది ఎవరికి అని అడిగాను.

“ఆడి నేస్తానికి,” అంది. “ఒక్కడూ ఎప్పుడు పీల్సినాడేటి?”

నాన్నకి ఏటా తద్దినం పెట్టిస్తాను. ఆయనకి ఇష్టమని గారెలు వండిస్తాను, కొత్త పంచె దానం చేయిస్తాను, ఏ లోటూ రానివ్వలేదని చుట్టాలు మెచ్చుకుంటారు. ఆయనకి ఒక చిటికెడు పొడుం పెట్టాలని ఐదేళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు.